బ్రిడ్జి అమ్ముతాను, కొంటారా?

"ఇది కూడా నమ్మేశావా? అయితే నా దగ్గర ఒక బ్రిడ్జి ఉంది, కొంటావా?" అమెరికా ఇంగ్లిష్‌లో ఇదొక వేళాకోళం మాట. చెవిలో పువ్వు పెట్టుకుని తిరుగుతున్నావా అని మనం అంటాం చూడండి, అలాంటిదే.

ఇంతకీ ఏ బ్రిడ్జి? న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బ్రిడ్జి. 1883 మే 24న మొదలైంది. ఈస్ట్ నది మీద మన్‌హట్టన్‌ని, బ్రూక్లిన్‌ని కలుపుతుంది. జార్జ్ పార్కర్ అనే ఘరానా మోసగాడు దీన్ని ఒకసారి కాదు, చాలాసార్లు అమ్మాడని చెప్పుకుంటారు. బ్రిడ్జి తనదేనని దొంగ కాగితాలు చూపించేవాడట. కొన్నవాళ్లు వెళ్లి టోల్ గేటు కట్టబోతే పోలీసులు వచ్చి ఆపేవారట. చివరికి 1928లో పార్కర్‌కి జీవిత ఖైదు పడింది. సింగ్ సింగ్ జైలుకి పంపారు.

వినగానే నవ్వొస్తుంది. ప్రభుత్వం కట్టిన వంతెనని ఎవడైనా కొంటాడా అనిపిస్తుంది. కానీ ఒక్క సంగతి చూడండి. ఆ వంతెన మీద నిజంగానే టోల్ ఉండేది. మొదట్లో నడిచి దాటాలన్నా 1 సెంటు కట్టాలి. నడిచేవాళ్లకి 1891లో తీసేశారు, బళ్లకి మాత్రం 1911 దాకా వసూలు చేశారు. పైగా ఆ రోజుల్లో అమెరికాలో ప్రైవేటు కంపెనీలు టోల్ వంతెనలు నడిపేవి. అప్పుడే ఓడ దిగిన మనిషికి, భాష రాని మనిషికి, ఇది మంచి వ్యాపారంలా కనిపించడంలో వింతేముంది? ఇలాంటి మోసగాళ్లు ఎక్కువగా వలపన్నింది అలాంటివాళ్ల మీదే.

నాకు ఈ జాతీయంలో నచ్చనిది ఇక్కడే ఉంది. "వాడు నాకు టోపీ పెట్టాడు" అంటే టోపీ పెట్టినవాడు ఎదురుగా కనిపిస్తాడు. బ్రిడ్జి మాటలో అలా కాదు. అనేవాడు తానే సరదాగా పార్కర్ వేషం కడతాడు, వినేవాడు వెర్రివాడవుతాడు. అసలు దొంగ హాయిగా తప్పుకుంటాడు.

ఈ నవ్వు ఖరీదైనది. ఇవాళ ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లని "ఇంత చదువుకుని ఎలా నమ్మావు?" అంటాం. ఆ మాటకి భయపడే చాలామంది ఇంట్లో కూడా చెప్పరు. తొందరగా 1930కి ఫోన్ చేస్తే కొన్నిసార్లు డబ్బు ఆపగలరు. సిగ్గుతో ఆలస్యం చేస్తే లాభపడేది దొంగే.

అందుకని మీవాళ్లెవరైనా మోసపోయామని చెబితే నవ్వకండి. ముందు ఫోన్ చేయించండి.