దొరగారు, తండ్రిగారు, స్నేహితుడు

ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లిన మనవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ఆగస్టులో దిగగానే ఎయిర్‌పోర్టుకి వ్యాన్ వేసుకొచ్చేది యూనివర్సిటీ పక్కనుండే చర్చి వాళ్లు. పరుపు, టేబుల్, పాత సోఫా వాళ్లే ఇప్పిస్తారు. సామాన్లు కొనుక్కోడానికి కారులో తీసుకెళ్తారు. థాంక్స్‌గివింగ్ రోజు ఇంటికి పిలిచి భోజనం పెడతారు. కొన్నాళ్లకి, శుక్రవారం సాయంత్రం బైబిల్ స్టడీ ఉంది, వీలైతే రా అని మెల్లగా అడుగుతారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ప్రతి వేసవిలో అమెరికన్, కొరియన్ కాలేజీ పిల్లలు జట్లు జట్లుగా వేరే దేశాల యూనివర్సిటీలకు వెళ్తారు. ఇంగ్లీషులో మాట్లాడటం ప్రాక్టీస్ చేయిస్తాం, కలిసి తిరుగుదాం, ఫ్రెండ్స్ అవుదాం అంటారు. వాళ్ల చర్చిల్లో దీని పేరు మిషన్ ట్రిప్.

దీని మీద మన దగ్గర వినిపించే అభిప్రాయాలు రెండే. "అంతా మతం మార్చడానికే" అనేది ఒకటి. "పాపం మంచివాళ్లు, ఏమీ ఆశించరు" అనేది ఇంకొకటి. రెండూ వచ్చినవాడి మనసులో ఏముందో వెతకడం దగ్గరే ఆగిపోతాయి. నూరేళ్ల పైమాటే, ఒక మనిషి ఇదే ప్రశ్నను అవతలి వైపు నుంచి అడిగాడు. మీరు స్నేహం అంటున్న దాంట్లో నేను ఎక్కడ కూర్చోవాలి అని. ఆయన జీవితంలో సగం తెలుగు నేల మీదే గడిచింది. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

*

ముందు ఈ వేసవి సంగతి చెప్పుకోవాలి. 1886లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, మౌంట్ హెర్మన్ అనే చోట కాలేజీ విద్యార్థులకు వేసవి శిబిరం జరిగింది. నడిపించింది అప్పటి పేరుమోసిన సువార్తికుడు డి.ఎల్. మూడీ. 251 మంది వచ్చారు. దాదాపు నెల రోజులు గడిపారు. శిబిరం ముగిసేసరికి వందమంది మిషనరీలుగా విదేశాలకు పోతామని మాటిచ్చారు. వాళ్లలో ఊపు తెచ్చిన కుర్రాడు రాబర్ట్ వైల్డర్. ఆయన పుట్టింది మన పక్కనే, కొల్హాపూర్‌లో, మిషనరీల ఇంట్లో. ఆ వందమందిలో ఇంకొకడు కార్నెల్ విద్యార్థి జాన్ ఆర్. మాట్. అరవై ఏళ్ల తర్వాత, 1946లో, నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నది ఈయనే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ శిబిరం నుంచి స్టూడెంట్ వాలంటీర్ ఉద్యమం పుట్టింది. విద్యార్థి దగ్గరికి విద్యార్థే వెళ్లాలి అన్నది దాని ఆలోచన. ముసలి పాదిరి చెప్తే విననివాడు తోటి వయసువాడు చెప్తే వింటాడు. ఇవాళ్టి వేసవి ట్రిప్పులు నడిచేదీ ఈ లెక్క మీదే.

ఆ గాలికి కొట్టుకొచ్చినవాడే షేర్వుడ్ ఎడ్డీ. యేల్ యూనివర్సిటీలో చదివాడు. 1896లో వైఎంసిఎ తరఫున దక్షిణ భారతంలో విద్యార్థుల మధ్య పనిచేయడానికి వచ్చాడు. అప్పటికే అజరయ్య వైఎంసిఎలో కార్యదర్శి. తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో పల్లెటూరి పాస్టరు కొడుకు, నాడార్ కులం, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినవాడు. ఇద్దరికీ వయసులో మూడేళ్లే తేడా. కలిసి ఊళ్లు తిరిగారు, కలిసి కాలేజీల్లో మాట్లాడారు. తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య అంత దగ్గరితనం ఆ రోజుల్లో మిషన్ బంగళాల్లో మామూలు విషయం కాదు. స్నేహం ఎలా ఉంటుందో అజరయ్యకు పుస్తకాల్లోంచి తెలియలేదు. ఎడ్డీతో తిరిగి తెలుసుకున్నాడు. అందుకే లేనిచోట అది లేదని వెంటనే కనిపెట్టగలిగాడు.

1902లో వైఎంసిఎ పని మీద అజరయ్య సముద్రం దాటి జాఫ్నా వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే ప్రాంతాలకు మిషనరీలను పంపిస్తున్నారని విన్నాడు. తిరునెల్వేలిలో అంతకన్నా ఎక్కువమంది క్రైస్తవులు ఉన్నారు. వాళ్లు ఎవరినీ పంపలేదు. ఆ సిగ్గు ఆయన్ని వదల్లేదు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. భారతీయుల డబ్బు, భారతీయ మనుషులు, భారతీయ నిర్వహణ. వాళ్లు ఎంచుకున్న పొలం నైజాం రాజ్యంలోని డోర్నకల్. సింగరేణి బొగ్గు గనులకు రైలు చీలే జంక్షన్, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. తిరునెల్వేలి తమిళుడికి అది అచ్చంగా పరదేశం. భాష వేరు, తిండి వేరు, ఏలే రాజు వేరు. 1909లో అజరయ్య వైఎంసిఎ ఉద్యోగం వదిలి, గురుత్వ అభిషేకం పొంది, తనే డోర్నకల్ చేరాడు. తెలుగు నేర్చుకున్నాడు.

*

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అధ్యక్ష స్థానంలో జాన్ మాట్. పన్నెండు వందల మంది ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా వాళ్లు ఇరవైమందికి మించరు. జూన్ 20 రాత్రి అజరయ్యకు మాట్లాడే వంతు వచ్చింది. విదేశీ మిషనరీలు, స్థానిక పనివారు ఎలా కలిసి పనిచేయాలి అన్నది ఆయనకిచ్చిన విషయం. వయసు ఇంకా ముప్పైఆరు నిండలేదు.

ఆయన అన్నది టూకీగా ఇది. మిషనరీకీ భారతీయ పనివాడికీ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ ఉండే సంబంధమే. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా దొర ఇంటి బల్ల దగ్గర భారతీయ పాస్టరుకి కుర్చీ ఉండదు, పాస్టరు ఇంట్లో దొర భోంచేయడు. దయ చూపిస్తారు, నిజమే. కానీ పైనుంచి కిందికి జారే ప్రేమకి స్నేహం అని పేరు పెట్టలేం. చివర్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయాన్ని వాళ్ల మీదికే తిప్పాడు. మీరు బీదలకు ఆస్తులు పంచారు, శరీరాలను కాల్చుకోవడానికి ఇచ్చారు, రాబోయే తరాలు దానికి మీకు రుణపడి ఉంటాయి అన్నాడు. మాకు ప్రేమ కూడా కావాలి అన్నాడు. మాకు స్నేహితులను ఇవ్వండి అని ముగించాడు.

సభలో చాలామందికి ఇది మింగుడు పడలేదు. కృతజ్ఞత లేదనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ మహాసభ నుంచి జనానికి ఇవాళ్టికీ గుర్తున్న మాటల్లో ముందు వరసలో ఉండేది ఈ అడుగుడే. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. మీరు రావొద్దు అని ఆయన అనలేదు. మీకు ఉద్దేశం ఉండకూడదు అనీ అనలేదు. ఆయనకీ అదే ఉద్దేశం ఉంది. మీ బల్ల దగ్గర నాకు చోటుందా, నా బల్ల దగ్గరికి మీరొస్తారా, అంతే అడిగాడు.

ఎడిన్‌బరో ముగిసిన ఏడాదికి, 1911లో, అదే జాన్ మాట్ అమెరికాలో విదేశీ విద్యార్థుల కోసం ఒక సంఘం పెట్టాడు. పేరులోనే స్నేహ సంబంధాలు అని ఉంది. ఓడ దిగే విద్యార్థిని రేవులో కలుసుకోవడం, గది చూపించడం, కుటుంబాలతో పరిచయం చేయడం దాని పని. దానికి కాస్త ముందే, 1909లో, హ్యారీ ఎడ్మండ్స్ అనే వైఎంసిఎ మనిషి కొలంబియా యూనివర్సిటీ మెట్ల మీద ఒక చైనా విద్యార్థిని గుడ్ మార్నింగ్ అని పలకరించాడు. న్యూయార్క్ వచ్చి మూడు వారాలైంది, నాతో మాట్లాడింది మీరే మొదటివారు అన్నాడట ఆ కుర్రాడు. ఆ మాట నుంచి ఆదివారం విందులు, ఆ విందుల నుంచి 1924లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో న్యూయార్క్ ఇంటర్నేషనల్ హౌస్ వచ్చాయి. ఇవాళ ఎయిర్‌పోర్టుకి వచ్చే చర్చి వ్యాన్ కూడా ఈ వంశంలోనిదే. రేవు బదులు ఎరైవల్స్ గేటు, అంతే తేడా.

*

మా నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ వైపు మిషనరీ అనగానే గుర్తొచ్చేది డోర్నకల్ కాదు, మెదక్ చర్చి. మాది పాత మెదక్ జిల్లానే కదా. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పదేళ్లు కట్టించాడు. 1924 డిసెంబర్ 25న తెరిచారు. శిఖరం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో పని చూపించి అన్నం పెట్టిన దొరగారని ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ అన్నం నిజం, ఆ తలుచుకోవడమూ నిజం. కానీ పిలుపు చూడండి. దొరగారు. తెలంగాణలో దొర అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. గడీలో ఉండేవాడు. ఆకలి తీర్చినవాడికీ, వెట్టి చేయించుకున్నవాడికీ జనం దగ్గర ఉన్నది ఒకటే మాట. ఇద్దరి గుణాల్లో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండొచ్చు. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి మాత్రం ఇద్దరూ కనిపించేది ఒకే ఎత్తులో.

ఇక అజరయ్య సంగతి. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. మొదట ఇచ్చిన డోర్నకల్ అధ్యక్ష మండలం చాలా చిన్నది. ఇంగ్లీషు మిషనరీలు ఒక నల్ల బిషప్ మాట వినాల్సిన అవసరం పెద్దగా రాని హద్దులు అవి. అది పెరిగి కృష్ణా వైపు జిల్లాల దాకా వచ్చింది 1920 ప్రాంతంలోనే. ఎడిన్‌బరోలో ఆయన అడిగినదానికి అందులో కూర్చున్నవాళ్లు ఇచ్చిన జవాబు చాలా నెమ్మదిగా వచ్చిందన్నమాట.

ఈ కథలో నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం తెల్లవాళ్ల జవాబు కాదు. డోర్నకల్ పల్లెల్లో ఎడ్లబండి మీద తిరిగిన ఈ బిషప్పుని మాల, మాదిగ వాడల్లో జనం ఏమని పిలిచారు? తండ్రిగారు అని. దొరగారు కన్నా ఎంతో దగ్గరి మాట. ఇందులో వరస ఉంది, చనువు ఉంది, భయం తక్కువ. అయినా స్నేహితుడు కాదు. ప్రపంచం ముందు నిలబడి స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి, తన వంతు వచ్చేసరికి తండ్రి అయ్యాడు. తమిళుడు, చదువుకున్నవాడు, బిషప్. చుట్టూ ఉన్నవాళ్లు అక్షరం రాని కూలీలు. ఆయన ఎంత వంగినా ఆ ఎత్తు పూర్తిగా పోలేదు.

అది ఆయనకు తెలుసు అనే నేననుకుంటాను. ఎందుకంటే ఆయన చేసిన ఒక పని అలాంటిది. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరితోనూ తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట చెప్పించేవాడు. మామూలుగా తల మీద చెయ్యి పెట్టేది బిషప్. ఇక్కడ కూలివాడి చెయ్యే కూలివాడి తల మీద. ఏడాదికోసారి సాక్ష్య వారం పెట్టి, ఆ కూలీలనే పక్క ఊళ్లకు పంపేవాడు. నిన్న మొన్నటిదాకా ఎవరో వచ్చి చెప్తే విన్నవాళ్లు, ఇప్పుడు వెళ్లి చెప్పేవాళ్లయ్యారు. మిషన్ ట్రిప్ అనే మాట అమెరికన్ కాలేజీ పిల్లల సొంతం అనుకుంటాం. 1930ల నాటికే తెలుగు దళితులు కాలినడకన ఆ పని చేస్తున్నారు.

*

1936లో జాన్ మాట్ మళ్లీ వస్తాడు, ఈసారి గాంధీ దగ్గరికి. అంతకు ముందు ఏడాదే యేవలాలో అంబేడ్కర్ హిందువుగా చావనని ప్రకటించాడు. దేశమంతా ఆ చర్చే. మిషనరీలు హరిజనులకు మతం బోధించడం గురించి మాట్ అడిగితే, మీరు ఆవుకు సువార్త చెప్తారా అని గాంధీ ఎదురు ప్రశ్న వేశాడు. అంటరానివారిలో కొందరి గ్రహింపు అంతకన్నా తక్కువే అన్నాడు. హరిజన్ పత్రికలో అచ్చయిన సంభాషణే ఇది.

గాంధీ భయం ఉత్త భయం కాదు. బియ్యం చూపించి, బడి చూపించి జనాన్ని లాగుతున్నారన్న అనుమానానికి కారణాలు ఉన్నాయి. కానీ ఆ పోలికలో ఒక మాట దాగుంది. వీళ్లు సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోలేరు అని. అజరయ్య ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే. డోర్నకల్ మండలంలో 1940ల మొదట్లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగలు. వాళ్లు తెలిసే వచ్చారు, తమ బతుకుని తామే తూచుకుని వచ్చారు అన్నది ఆయన వాదం. మాల క్రైస్తవుడికీ మాదిగ క్రైస్తవుడికీ మధ్య గోడ చర్చిలోకి కూడా వచ్చిందనీ ఆయనకు తెలుసు, దాంతో జీవితాంతం పోట్లాడాడు. అంటే తన జనం దేవదూతలని ఆయన అనుకోలేదు. మనుషులు అనుకున్నాడు. అవునని చెప్పగలవాళ్లు, కాదని కూడా చెప్పగలవాళ్లు.

స్నేహానికి కొలత ఇక్కడే ఉందనిపిస్తుంది. ఎదుటివాడు కాదన్నాక కూడా మిగిలేది స్నేహం. కాదనే శక్తే వాడికి లేదనుకుంటే, అది రక్షించడం అయినా, కాపలా కాయడం అయినా, స్నేహం అవదు. మతం మార్చాలనుకున్న దొరా, మారకుండా ఆపాలనుకున్న మహాత్ముడూ ఈ ఒక్క చోట ఒకే తప్పు చేసే ప్రమాదం ఉంది.

1939 జనవరి 6న డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌ని ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మధ్యలో సిలువ. దూరం నుంచి చూస్తే ఇది ఏ మతం వాళ్లదో చప్పున చెప్పలేం. ఇంగ్లండు నమూనా తెచ్చి నిలబెట్టడం తేలిక, డబ్బిచ్చేవాళ్లకీ నచ్చేది. అజరయ్య చుట్టుపక్కల ఇళ్లలో ఏముందో చూసి కట్టాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయాడు.

ఇప్పుడు వ్యాన్ వేసుకొచ్చేవాళ్ల గురించి తీర్పు చెప్పమంటే ఆయన అడిగినదే అడగాలి. వాళ్ల మనసులో ఏముందన్నది దేవుడికే వదిలేయొచ్చు. బైబిల్ స్టడీకి రానని చెప్పిన కుర్రాడికి వచ్చే నవంబర్లో కూడా ఫోన్ వస్తుందా? వాడు అద్దె గదిలో కుక్కర్ పెట్టి, పప్పూ ఆవకాయా వేసి పిలిస్తే, వాళ్లు నేల మీద కూర్చుని తింటారా? తింటూ వాడి ఊరి గురించి, వాడి దేవుడి గురించి, దేవుడు లేడని వాడంటే దాని గురించీ వింటారా? ఆ ఒక్క పూట బల్ల వాడిది.