టెలివిజన్ – ప్రేక్షక సమూహం: అల్లూరు నుంచి ఒక పరిశీలన

సాంకేతిక పరికరాల చరిత్ర రాసేవారు సాధారణంగా పరికరం గురించే రాస్తారు. దాని ముందు ఎవరు కూర్చున్నారు, ఏం మాట్లాడుకున్నారు అన్నది వదిలేస్తారు. టెలివిజన్ విషయంలో అసలు చరిత్ర అక్కడే ఉందని నా అభిప్రాయం.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో 'సైట్' అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. పొద్దున పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. అది ఎమర్జెన్సీ కాలమని మరువరాదు. ఏం చెప్పాలో ప్రభుత్వమే నిర్ణయించింది. అయినా ఊరుమ్మడి సెట్టు ముందు జనం కలిసి కూర్చున్నారు.

మా అల్లూరుకు టెలివిజన్ దక్షిణం నుంచి వచ్చింది. మద్రాసు కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. 1977 అక్టోబరు 23న ప్రారంభమైన హైదరాబాదు కేంద్రం మాకు దూరం. కలిగినవాళ్ల మిద్దెల మీద పొడవాటి ఇనుప గొట్టాలకు యాంటెన్నాలు కట్టి మద్రాసు వైపు తిప్పేవారు. శుక్రవారం 'ఒలియుం ఒలియుం' పాటలకు వీధంతా అక్కడ చేరేది. అరవం రాకపోయినా చూసేవాళ్లం. వసారాలో కూర్చునేదెవరు, వాకిట్లో నిలబడేదెవరు అన్నది మాత్రం కులం నిర్ణయించేది. కలిసి చూడడం సమానంగా చూడడం కాదని నాకు అక్కడే తెలిసింది.

1983లో ఇన్సాట్-1బి, ఆ వెనుక చిన్న ట్రాన్స్‌మిటర్లు, 1995లో జెమిని, ఈటీవీ, వాటితో కేబులు వచ్చాయి. తెర ఇంటింటికీ చేరింది. వాకిట్లో నిలబడే అవమానం తప్పింది. నలుగురూ చేరే చోటూ పోయింది.

ఈ మధ్యకాలంలోనే, 1992లో, మా జిల్లా దూబగుంటలో మరొకటి జరిగింది. అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడిలో సారా గురించిన పాఠం చదివిన స్త్రీలు దాన్ని తమ బతుకులతో పోల్చి చర్చించారు, సారా అమ్మకాన్ని ఎదిరించారు. ఆ పోరాటం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఉపగ్రహం తలపెట్టిన పనిని ఒక వాచకం చేసింది. ఎందుకంటే చదివినవాళ్లు తిరిగి మాట్లాడారు.

2016 తరువాత డేటా చౌకై తెర అరచేతిలోకి వచ్చింది. రొయ్యల గుంట కాపలాదారు రాత్రంతా ఒంటరిగా ఫోను చూస్తాడు. తరువాత ఏ బొమ్మ రావాలో ప్రకటనల లాభం కోసం నడిచే లెక్క నిర్ణయిస్తుంది. అయితే ఆ ఫోనులోనే కెమెరా ఉంది. వాకిట్లో నిలబడ్డవాడి మనవడు తన యాసలో తన కథ చెప్పగలుగుతున్నాడు. ఇది చిన్న మార్పు కాదు. కాని అతని మాట విని వాదించే నలుగురు ఒకచోట లేరు.

ఆ చోటును కల్పించడం రచయితల సంఘాలు చేయగలిగిన పని. అలాంటి చిన్న చిత్రాలను ఊరి బడిలో, గ్రంథాలయంలో వేద్దాం. బొమ్మ అయిపోగానే కుర్చీలు సర్దకుండా, ఒకప్పుడు వాకిట్లో నిలబడినవారిని ముందుగా మాట్లాడనిద్దాం.