రాజుల్లో గుండ, అడవిలో గుండ

నగర్‌నార్ అనగానే ఇప్పుడు గుర్తొచ్చేది ఉక్కు ఫ్యాక్టరీ. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టిన ఆ ప్లాంటును 2023 అక్టోబర్ 3న ప్రధాని ప్రారంభించారు. ఊరి పేరులోని ‘నార్’ మాత్రం అంతకంటే చాలా పాతది. గోండిలో ఊరని అర్థం, మన పల్నాడులోని ‘నాడు’కు చుట్టం. అదే తోక ఉన్న మరో బస్తర్ పల్లె నేతానార్. 1910 తిరుగుబాటులో పేరు మోగిన గుండాధుర్ అక్కడివాడే.

గుండా! ఈ పేరు వినగానే ‘గూండా’ గుర్తొచ్చి ఉలిక్కిపడతాం. అది హిందీ సినిమా చేసిన పని.

నిజానికి మనకిది ఇంటిపక్క పేరు. రాతిగుండు, తుపాకిగుండు, తిరుపతిలో కొట్టించుకునే గుండు... అన్నీ గుండ్రనివే. ఊళ్లలో గుండయ్యలున్నారు. 1962లో ‘గుండమ్మ కథ’ తెలుగునాట ఊరూరా ఆడింది. కన్నడిగులకు గుండప్ప అంటే మహాకవి డీవీజీ. తమిళులు బొద్దుగా ఉన్న పిల్లాణ్ని ‘గుండు’ అని ముద్దు చేస్తారు.

ఇదే పేరు రాజులకూ ఉండేది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు గట్టున గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన శాసనంలో కాకతీయుల వంశావళి ఉంది. అందులో వెన్న అనే పూర్వీకుడి తర్వాత వరసగా ముగ్గురు గుండలు. పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు అనే ముగ్గురు రాములతో వాళ్లను పోల్చాడు శాసనకవి. 956 నాటి మాంగల్లు శాసనంలోని కాకర్త్య గుండ్యన కూడా ఈ వంశీకుడే.

1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకునేది. 1910లో గద్దె మీదున్న రాజు రుద్రప్రతాప్ దేవ్. గుండలను పూర్వీకులుగా చెప్పుకున్న వంశం ఏలుబడిలోనే మరో గుండ లేచాడు.

అడవిలో మూడింట రెండొంతులను రిజర్వు చేయాలని 1905లో బ్రిటిష్ సర్కారు తలపెట్టింది. కాంగేర్ అడవిలో ముందుగా కదిలినవాళ్లు ధుర్వా గిరిజనులు. మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు... ఇవే ఉత్తరాలు. ఊరు నుంచి ఊరికి చేతులు మారాయి. 1910 ఫిబ్రవరిలో బజార్లు, పోలీసు ఠాణాలు దోపిడీకి గురయ్యాయి. అదుపు చేయడానికి బ్రిటిష్ వాళ్లకు మూడు నెలలు పట్టింది. గుండాధుర్ మాత్రం చిక్కలేదు. రిజర్వు చేయాలనుకున్న అడవి దాదాపు సగానికి తగ్గింది.

ఆ కోపంతోనే తెల్లవాళ్లు అతని పేరును తిట్టుగా మార్చారని ఓ కథ ప్రచారంలో ఉంది. కానీ 1923కే బెంగాల్‌లో గూండాల చట్టం వచ్చేసింది. పదమూడేళ్లలో ఒక అడవి మనిషి పేరు కలకత్తా వీధుల దాకా పాకి చట్టానికెక్కిందంటే నమ్మడం కష్టమే.

తెలంగాణ పీడీ చట్టం పూర్తి పేరులో ఇప్పటికీ ‘గూండాలు’ ఉన్నారు. సరిహద్దు దాటితే, ఛత్తీస్‌గఢ్ క్రీడాకారులకిచ్చే ఒక ప్రభుత్వ పురస్కారం పేరు గుండాధుర్ సమ్మాన్.