సముద్ర పవన విద్యుత్తు: గాలి నమూనాల చారిత్రక పరిణామం (1983–2019)

1. ఉపోద్ఘాతం:

గాలిలోని శక్తి దాని వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 10 శాతం తగ్గితే శక్తి సుమారు 27 శాతం తగ్గుతుంది. కాబట్టి సముద్రంలో గాలిమరలు నెలకొల్పే ముందు గాలి వేగాన్ని లెక్కగట్టడం తప్పనిసరి. ఈ లెక్కకు ఆధారమైన గణిత నమూనాలు డెన్మార్క్ అనుభవంలో ఏ విధంగా మారాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జెన్సెన్ నమూనా:

గాలిమర శక్తిని గ్రహించాక దాని వెనుక గాలి మందగించి, అల్లకల్లోలమవుతుంది. ఈ ప్రాంతాన్ని ‘వేక్’ అంటారు. 1983లో రీసో జాతీయ ప్రయోగశాలకు చెందిన ఎన్. ఓ. జెన్సెన్ దీనికొక సరళమైన నమూనాను ప్రతిపాదించారు. దూరం పెరిగేకొద్దీ వేక్ ఒకే నిష్పత్తిలో వెడల్పవుతుందని, దాని అడ్డుకోతలో వేగం అంతటా సమానమని ఆయన ఊహించారు. 1986లో కాటిచ్, హోయ్‌స్ట్రప్‌లతో కలిసి దీనిని మరల సమూహాలకు విస్తరించారు. కొద్దిపాటి గణనతో ఫలితమివ్వడం వల్ల ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

3. విండెబి నుంచి హార్న్స్ రెవ్ వరకు:

ప్రపంచంలో తొలి సముద్ర పవన విద్యుత్ కేంద్రం 1991లో లోలాండ్ ద్వీపం చెంత విండెబి వద్ద ఏర్పడింది. అందులో 450 కిలోవాట్ల మరలు 11 మాత్రమే. 2002లో జట్‌లాండ్ పడమటి తీరాన వెలసిన హార్న్స్ రెవ్‌లో 2 మెగావాట్ల మరలు 80 ఉన్నాయి. నేలపై చెట్లు, కట్టడాలు గాలిని కలచివేయడం వల్ల వేక్ త్వరగా సమసిపోతుంది. సముద్రతలం నునుపు, అక్కడ వేక్ మరింత దూరం సాగుతుంది. అందువల్ల జెన్సెన్ నమూనాలోని విస్తరణ స్థిరాంకాన్ని నేలపై 0.075గా, సముద్రంపై 0.04 లేదా 0.05గా తీసుకోవడం వాడుకైంది. 2008 ఫిబ్రవరి 12న హార్న్స్ రెవ్‌లో తీసిన ఛాయాచిత్రంలో మరల వెనుక పొగమంచు చారలుగా సాగింది. అంతవరకు సమీకరణాలలో ఉన్న వేక్ అందరికీ కంటికి కనిపించింది.

4. ముందు వరుస సమస్య:

ఈ నమూనాలన్నీ ముందు వరుస మరలకు అడ్డులేని గాలి అందుతుందనే భావించాయి. వాస్తవానికి పెద్ద సమూహం తనకు ఎదురుగా వచ్చే గాలిని సైతం కొంత నెమ్మదింపజేస్తుంది. దీనిని ‘బ్లాకేజ్’ అంటారు. వేక్, బ్లాకేజ్ ప్రభావాలను తాను తక్కువగా అంచనా వేసినట్లు డెన్మార్క్ సంస్థ ఓర్‌స్టెడ్ 2019 అక్టోబరులో బహిరంగంగా ప్రకటించి, తన రాబడి అంచనాలను తగ్గించుకుంది.

5. ముగింపు:

కొద్ది మరలకు సరిపోయిన సరళీకరణలు కేంద్రాల పరిమాణం పెరిగాక నష్టకారణాలయ్యాయి. ఉత్తర సముద్రంలో కేంద్రాలు దగ్గరదగ్గరగా వెలుస్తున్న నేడు ఒక కేంద్రపు వేక్ పొరుగు కేంద్రపు ఆదాయాన్ని తగ్గించగలదు. కనుక ప్రతి అంచనాతోపాటు దాని వెనుకనున్న ఊహలను, అవి చెల్లుబాటయ్యే పరిధిని నమోదు చేయడం అవసరమని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.