గడియ ఒక్కటే, తాళం లేదు

చెక్కగేటు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. తాళం లేదు, ఇనుప గడియ ఒక్కటే ఉంది. అవతల పచ్చికలో నాలుగు ఆవులు. వాటి వెనక నిటారుగా స్ప్రూస్ చెట్ల అడవి. సెప్టెంబరు ఉదయమే అయినా చలికి చెవులు మొద్దుబారుతున్నాయి.

"ఎవరిదే ఈ అడవి?"

"ఎవరో రైతుదమ్మా. నువ్వు రా."

"మరి అడగొద్దూ?"

మా అమ్మాయి జవాబు చెప్పకుండా గడియ తీసింది. ఏడేళ్ల మనవరాలు అందరి వెనకా వచ్చి గడియ వేసి, సరిగ్గా పడిందో లేదో గేటు లాగి చూసింది.

దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ఇది. ఈ దేశపు అడవిలో దాదాపు సగం మామూలు కుటుంబాలది. తాతల నుంచి మనవలకు వచ్చే ఆస్తి, బ్యాంకు అప్పు తీర్చే ఆస్తి. అయినా అందులో నడవడానికి, పళ్లు కోసుకోవడానికి, ఒక రాత్రి గుడారం వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు, అందరికీ ఉన్న హక్కు. ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదాన్ని 1994లో రాజ్యాంగంలోనూ రాసుకున్నారు.

నాకు మాత్రం నూజివీడు మామిడితోటలే గుర్తొస్తున్నాయి. కార్తీక వనభోజనాలకు వెళ్లాలంటే మా నాన్న ముందురోజే ఆసామి ఇంటికి వెళ్లి అడిగి వచ్చేవారు. అడగకుండా అడుగుపెడితే కాపలా మనిషి కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఆ కర్ర చప్పుడు ఇప్పుడూ నా వీపు వెనక వినిపిస్తున్నట్టే ఉంది.

లోపలికి వెళ్లేసరికి నేల మెత్తబడింది. అంతా నాచు. అడుగు వేస్తే మడమ దిగబడుతోంది, తీస్తే గుంట మెల్లగా పూడుకుంటోంది. తడిమట్టి వాసన, చెట్టుబంక వాసన. చెట్ల మధ్యగా ఒక రాళ్లగోడ సాగిపోతోంది. అడవిలో గోడ ఎందుకు? ఒకప్పుడు ఇవన్నీ పొలాలట. రాళ్లు ఏరి గోడలు పేర్చి, ఆ బీదనేలలో పండించుకు తిన్నవాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో బతకలేక వేలాదిగా అమెరికా ఓడలెక్కారు. ఒక రాయి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఎవరు మోసుకొచ్చి పెట్టారో దాన్ని.

మోకాలి ఎత్తు కూడా లేని పొదల నిండా ఎర్రటి లింగన్ పళ్లు. నోట్లో వేసుకుంటే పులుపు, వెనకే వగరు. అచ్చం వాక్కాయ! మా అమ్మాయి దగ్గర చిన్న చేటలాంటి పనిముట్టు ఉంది, అంచుకు దువ్వెన పళ్లు. పొదను దువ్వితే పళ్లు గలగలా అందులో పడుతున్నాయి. నేను చేత్తోనే కోసి డబ్బాలో వేసుకుంటున్నాను.

పక్కనే బర్చ్ చెట్టు. తెల్లటి బెరడు కాగితంలా లేచి ఉంటే చెయ్యి చాచాను.

"అమ్మమ్మా, వద్దు! చెట్టు బతికే ఉంది. అది ఆ రైతుది. కింద రాలిన పుల్లలైతే తీసుకో."

బడిలో నేర్పారట: ఇబ్బంది పెట్టకు, పాడుచేయకు.

కాస్త దూరంలో కర్రల మంచె. జొన్నచేలో పిట్టల్ని తోలే మన మంచెలాగే ఉంది. ఇది మూస్ జింకల వేటకట. వేట మాత్రం అందరికీ లేదు, ఆ హక్కు భూమి ఉన్నవాళ్లది. చెట్ల సందుల్లోంచి ఎర్రరంగు చెక్క ఇల్లు కనబడగానే మా అమ్మాయి మమ్మల్ని పక్కకు మళ్లించింది. ఎంత దూరం ఉండాలి? ఇన్ని మీటర్లని చట్టంలో లేదు. ఇంట్లోవాళ్ల ప్రశాంతత చెడకూడదు, అంతే. కొలత లేని ఆ మాటను ఒక దేశమంతా నమ్ముకుందంటే నాకు ఒళ్లు జలదరించింది.

"హేయ్!"

వెనక్కి తిరిగాను. చేతిలో బుట్టతో ఒక ముసలాయన. అడవి ఆయనదే. డబ్బా నా వీపు వెనక్కి వెళ్లిపోయింది, నేను అనుకోకుండానే. ఆయన ఎవరు మీరని అడగలేదు. ఛాతీ దాటిన లేత స్ప్రూస్‌లను చూపిస్తూ ఏదో చెప్పాడు, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. 2005 జనవరిలో గుద్రున్ తుఫాను వచ్చింది. దక్షిణ స్వీడన్‌లో ఒక్క రాత్రిలో సుమారు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలప నేలకూలింది. వాళ్ల నాన్న నాటిన చెట్లన్నీ అందులో పోయాయి. గాలికి చెట్లు పడిన చోట మళ్లీ నాటుతూనే ఉన్నాడు. ఇవి కోతకొచ్చేనాటికి తను ఉండనన్నాడు.

కోపం లేదా? ఉంది. బస్సుల్లో కూలీల్ని దింపి పళ్లు దోయించే వ్యాపారుల మీద, నాచు చీలిపోయేలా మోటారు బళ్లు తోలేవాళ్ల మీద. బండి తోలే హక్కు ఇందులో లేనేలేదు. నడిచి వచ్చేవాళ్ల గురించి అడిగితే, తను కూడా పొరుగువాడి అడవిలో నడుస్తానన్నాడు.

"పుట్టగొడుగులు ఎక్కడున్నాయి?" అంది మనవరాలు. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. సొంత అడవిలోనైనా అవి ముందు చూసినవాళ్లవే. ఆ చోటు మాత్రం ఎవరికీ చెప్పరు.

వెళ్తూ వెళ్తూ ఆగి, నా వీపు వెనకున్న డబ్బా వైపు వేలు చూపించి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"రాళ్లగోడ అవతల ఎండ తగిలే వాలు ఉందట. అక్కడ ఇంకా బాగా పండాయట అమ్మా."

డబ్బా ముందుకు తెచ్చుకుని గోడ దాటాను.