కల్లు లొట్టి మొదలు నిమ్మ ఉప్పు వరకు

వికారాబాదు, తాండూరు ప్రాంతములలో ఈత చెట్టు నుండి దించిన కల్లు తెల్లవారుజామున తియ్యగా నుండును. ప్రొద్దెక్కిన కొలది ఘాటెక్కును. మరునాటికి పులిసి నోట పెట్టరానిదగును. గీత వృత్తివారు తరతరములుగా ఎరిగిన ఈ మార్పునకు కారణమేమో పండితులు తేల్చుటకు పందొమ్మిదవ శతాబ్దము సగము గడువవలసి వచ్చినది. ఈ ప్రసంగమున మేము మూడు సూక్ష్మజీవుల కథ చెప్పదలచితిమి. మూడింటికిని మద్యసారముతోడనే సంబంధము.

పులియుట ప్రాణుల పని యని ఫ్రాన్సు దేశీయుడు లూయీ పాశ్చరు 1857 మొదలు జరిపిన పరిశోధనలలో నిరూపించెను. లొట్టిలోని ఈస్టు చక్కెరను తిని మద్యసారమును చేయును. తాను చేసిన ఆ సారమే దానికి విషము. సారము పాలు పెరిగిన కొలది ఈస్టు మందగించును. నూటికి 15 పాళ్ల ప్రాంతమున సాధారణముగా దాని పని నిలిచిపోవును. సారమును ముందే అదనముగా పోసినచో అంత త్వరగా నిలిచిపోవును.

కల్లులో సారము అంతవరకు పెరుగదు. చక్కెర తరిగిన పిమ్మట వేరొక సూక్ష్మజీవి బలపడి, గాలిలోని ప్రాణవాయువు సాయమున ఆ సారమును సిర్కాగా మార్చును. ఈస్టునకు విషమైనది దీనికి అన్నమైనది. అందుచేతనే సిర్కా కర్మాగారములలో పలుచని మద్యసారమునే ముడిసరుకుగా పోయుదురు. పోసినదానిని బట్టి దిగుబడి. మితిమీరినచో ఈ జీవియు నశించును.

మూడవ కథ మన వంటింటి నిమ్మ ఉప్పుది. పూర్వము దానిని ఇటలీ దేశపు నిమ్మపండ్ల నుండి తీసెడివారు. ఆస్పర్జిల్లస్ నైజర్ అను నల్లని బూజు చక్కెర నుండి ఆ ఆమ్లమును సమృద్ధిగా చేయునని 1917లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్సు కర్రీ చూపెను. కొద్ది యేండ్లలో పరిశ్రమయు వెలసినది. కాని శుద్ధమైన చక్కెర ప్రియము. చక్కెర మిల్లులలో మిగులు మొలాసిస్ చౌక. అయితే అందలి ఇనుము మున్నగు లోహములు మించినచో బూజు తాను బలిసి, ఆమ్లమును తక్కువ చేయును.

ఈ చిక్కును అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా ప్రయోగశాలలో ఆండ్రూ మోయరు పరిశీలించెను. బూజు పెరుగు ద్రవమునకు మిథనాల్ అను మద్యసారమును స్వల్పముగా కలుపగా ఆమ్లపు దిగుబడి పెరిగినదని 1953లో ఆయన ప్రకటించెను. మోతాదు నూటికి 1 నుండి 4 పాళ్లు. మేలు ముఖ్యముగా మొలాసిస్ వంటి ముడి పదార్థములపైననే కానవచ్చినది. ఆ సారము బూజునకు ఆహారము గాదు; లోహములను ఓర్చుకొనుటకు తోడ్పడినది. ఒక విషము, కొలత తెలిసిన చేతిలో పనిముట్టైనది.

ఆ కొలత ఆ బూజునకే చెల్లును. అదే మిథనాల్ కొద్దిపాటి మనిషి కడుపున బడినను చూపు పోవును, ప్రాణమే పోవచ్చును. 2021 జనవరిలో వికారాబాదు పరిసర గ్రామములలో కల్లు త్రాగిన అనేకులు ఆసుపత్రి పాలైనప్పుడు అనుమానము చెట్టు మీదికి గాక, కల్తీ మీదికి పోయినది. లొట్టిలోని ఈస్టు తన పనికి ఎవరి చేతి పదార్థమును కోరదు. ఏ జీవికి, ఎంత, ఎందులకు అని అడిగి కలుపువారు ప్రయోగశాలలో నున్నారు. ఆ ప్రశ్న అడుగక కలిపినదానిని త్రాగువారు మన యిండ్లలో నున్నారు.