క్రాన్మియర్ మడుగున దాచిన సీసా

ఇంగ్లండు దేశమునకు నైరృతి మూలనున్న డెవన్ మండలములో డార్ట్‌మూర్ అను ఎత్తైన బయలు కలదు. సుమారు 950 చదరపు కిలోమీటర్ల మేర బీడునేల, నల్లని బురద, ఆ బురదనుండి తలలెత్తిన గ్రానైటు గుండ్లు. పొగమంచు క్రమ్మినచో పది బారల దూరముననున్న మనిషి కనబడడు. ఈ బయలునకు ఉత్తరభాగమున, దారితెన్నులు లేనిచోట, క్రాన్మియర్ మడుగు అను పల్లము కలదు. పేరునకు మడుగే గాని అందు నీరు నిలువదు. దీనికి అచ్చటివారు ఒక కథ చెప్పుదురు. ఓక్‌హాంప్టన్ పట్టణమునకు మేయరుగా నుండిన బెంజమిన్ గేయర్ అనునతడు చనిపోయి ప్రేతమై ఊరివారిని పీడింపగా, ఆ మడుగును జల్లెడతో తోడి ఎండగట్టవలెనని అతనికి శిక్ష విధించిరట. జల్లెడతో నీరు తోడుట ఎట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ ప్రేతము చచ్చిన గొర్రె తోలు నొకదానిని సంపాదించి, జల్లెడలో పరచి, మడుగునంతయు తోడి పారబోసి, దిగువనున్న ఊరిని వరదపాలు చేసెనట.

ఇట్టి చోటికి 1854లో జేమ్స్ పెరట్ అనునతడు ఒక సీసాను మోసికొనిపోయెను. అతడు చాగ్‌ఫర్డ్ గ్రామమువాడు. చేపలు పట్టువారికిని, బయలు చూడవచ్చు పట్టణవాసులకును దారి చూపుట అతని వృత్తి. మడుగు ఒడ్డున రాళ్లు కుప్పగా పేర్చి, అందు ఆ సీసాను దాచి, తన వెంట వచ్చినవారిని తమ పేరు చీట్లు అందులో వేసి పొమ్మనెను. కాళ్లు పీకునట్లు బురదలో నడచి వచ్చినవారికి, వచ్చితిమని చెప్పుకొనుటకు ఒక సాక్ష్యము కావలెను గదా!

వచ్చితిమని చెప్పుకొను కోరిక మనకును క్రొత్త కాదు. గోలకొండ గోడలమీద బొగ్గుతోనో, మేకుతోనో పేర్లు గీసి పోయినవారి చేతివ్రాత చూచినవారికి ఆ సంగతి తెలియును. పెరట్ సీసా చేసిన మేలు ఏమనగా, అదే కోరికకు రాతిని గాయపరుపని త్రోవ నొకదానిని చూపుట. ఈ చిన్న ఉపాయము వినోదమై, వినోదము ఆచారమై, నేడు భూమండలమంతట లక్షలాది జనులు పాల్గొను క్రీడ యైనది. అది ఎట్లు నిలిచినదను విషయమే మేము ఇచ్చట చెప్పదలచినది.

సీసా స్థానమున కొంతకాలమునకు రేకుపెట్టె వచ్చెను. 1905లో సందర్శకులు సంతకము చేయుటకు పుస్తకము నుంచిరి. అంతకు ముందే, 1894లో, బెల్‌స్టోన్ గుట్టమీద రెండవ పెట్టె వెలసెను. పెట్టెలతోపాటు ఒక ముచ్చటైన వాడుక పుట్టెను. వచ్చినవాడు తనకో, తన మిత్రునికో చిరునామా వ్రాసిన కార్డును పెట్టెలో విడుచును. తనకంటె ముందు వచ్చినవాడు విడిచిన కార్డును తీసికొనిపోయి, తన ఊరి తపాలాలో వేయును. మన కార్డు మూడునాళ్లలో చేరినచో వెనువెంటనే మరియొకరు అచ్చటికి వచ్చిరని అర్థము. మూడు మాసములకు చేరినచో, అంతకాలము ఆ మడుగు చెంత మనుష్యుని అలికిడియే లేదని అర్థము. ఈ ఏర్పాటునకు తపాలాశాఖవారి ఉత్తరువు లేదు, కావలివాడు లేడు, జుల్మానా లేదు. ముఖమెరుగనివాని కార్డును జేబులో వేసికొన్నవాడు దానిని మరువక తపాలాలో వేయునను నమ్మకము ఒక్కటే ఆధారము.

1937లో ఆ ప్రాంతపు దినపత్రిక యొకటి పాఠకుల చందాలతో క్రాన్మియర్ కడ రాతిపెట్టెను కట్టించెను. మరుసటి యేట దక్షిణభాగమున డక్స్ పూల్ అనుచోట, డార్ట్‌మూర్ అణువణువును నడచి గ్రంథము వ్రాసిన విలియం క్రాసింగ్ పేర స్మారకముగ మరియొక పెట్టె నుంచిరి. 1970 నాటికి కూడ పెట్టెలు వ్రేళ్లమీద లెక్కించునన్నియే. ఆ దశాబ్దములో, ఉన్న పదునైదు పెట్టెలను గుర్తించుచు ఒక పటము వెలువడెను. దానితో కథ మారిపోయెను. పటము చూచి వెదకినవారు తామును దాచసాగిరి. పదునైదు వందలై, వందలు వేలైనవి. ప్రతి పెట్టెలోను ఒక రబ్బరు ముద్ర యుండును; కనుగొన్నవాడు ఆ ముద్రను తన పుస్తకములో వేసికొని, తన సొంత ముద్రను పెట్టెలోని పుస్తకమున వేయును. నూరు పెట్టెలు చూచినవారికి ఒక సంఘము కూడ ఏర్పడెను.

కాని దాచువాడు పెరిగినకొలది నేలకు ముప్పు వచ్చెను. డార్ట్‌మూర్‌లో వేల యేండ్లనాటి కంచుయుగపు రాతివరుసలు, సమాధులు, ఇండ్ల పునాదులు కలవు. పెట్టె కొరకు రాయి కదలించినవాడు చరిత్రనే కదలించుచున్నాడని ఉద్యానాధికారులును, భూస్వాములును మొరపెట్టిరి. ఆటకు ఆటగాండ్రే కట్టుబాట్లు విధించుకొనవలసివచ్చెను. పురాతన కట్టడములలో గాని, గోడలలో గాని, పాడుపడిన గుడిసెలలో గాని పెట్టె నుంచరాదు. సిమెంటు వాడరాదు. ప్రమాదకరమైన చోట దాచరాదు. పెట్టె యజమాని యెవరో పుస్తకములో వ్రాసియుండవలెను. ఈ కట్టుబాట్లను తిట్టుకొన్నవారు లేకపోలేదు. అడవిలో ఆటకు చట్టమేమని వారి వాదము. మాకు మాత్రము ఆ కట్టుబాట్లే ఆటను బ్రదికించినవని తోచుచున్నది. రాళ్లు పెల్లగించు ఆటగానే మిగిలియున్నచో, ఏనాడో దానిని నిషేధించియుందురు. సంవత్సరమునకు రెండుమారులు, ఆ దేశమున గడియారములను ముందుకు వెనుకకు త్రిప్పు దినములలో, వీరందరు ఒకచోట కూడుట ఆచారము. పెట్టెలకు దారి చెప్పు క్రొత్త సూచనలు అచ్చట చేతులు మారును. ఒకరి ముద్ర మరియొకరి పుస్తకమున పడును.

ఇక అట్లాంటిక్ సముద్రమును దాటి, ఆ బురదనేలనుండి ఆకాశమునకు పోవలసియున్నది. అమెరికా సైన్యము అంతరిక్షమున నిలిపిన జి.పి.ఎస్. ఉపగ్రహములు, మన యింటి రేడియోకు వచ్చు తరంగముల వంటివే, నిరంతరము ప్రసారము చేయుచుండును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందుకొన్న చిన్న యంత్రము, ఏ సంకేతము ఎంత ఆలస్యముగ వచ్చినదో లెక్కించి, తానున్న చోటును చెప్పును. సెకనులో పదిలక్షవ వంతు పొరపాటు జరిగినచో 300 మీటర్లు తప్పును. సామాన్యులకు అందు సంకేతములో సైన్యమువారు బుద్ధిపూర్వకముగ కొంత తప్పు కలిపెడివారు. కావున వంద మీటర్ల వరకు అటునిటుగ చూపెడిది. వంద మీటర్ల వలయములో దాచిన పెట్టెను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటే. 2000 మే 1వ తేది రాత్రి, అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞచే ఆ తప్పు కలుపుట మానిరి. యంత్రముల గురి పది, ఇరువది మీటర్లలోనికి వచ్చెను.

రెండు దినములు గడచినవో లేదో, మే 3న, ఆరిగన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ సమీపమున డేవ్ ఉల్మర్ అను ఇంజనీరు ఒక నల్లని ప్లాస్టిక్ బక్కెట్టును అడవిలో సగము పాతి, దాని అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించెను. అందు ఒక పుస్తకము, పెన్సిలు, కొన్ని వస్తువులు, కొంత డబ్బు, ఒక వడిసెల, ఒక చిక్కుడుగింజల డబ్బా! ఒక వస్తువు తీసికొనుడు, ఒక వస్తువు విడువుడు, పుస్తకములో వ్రాయుడు అని అతని నియమము. మూడు దినములలో మైక్ టీగ్ అనునతడు దానిని కనుగొనెను. ఆ నెలాఖరునకే ఈ ఆటకు జియోకాషింగ్ అను పేరు కుదిరెను. కాష్ అనగా దాచినది. మొదట వంద పెట్టెలైన లేని ఆట నేడు ముప్పది లక్షల పెట్టెలకు మించినది.

చిత్రమేమనగా, ఆ తొలి బక్కెట్టు నేటి కట్టుబాట్ల ప్రకారము చెల్లదు. భూమి యజమాని అనుమతి లేక నేల త్రవ్వి పాతుట నిషిద్ధము. తినుబండారములు ఉంచుటయు నిషిద్ధము. వాసన పట్టి జంతువులు పెట్టెను చీల్చివేయును. డార్ట్‌మూర్‌వారు నేర్చిన పాఠములనే వీరును తప్పులు చేసి నేర్చుకొనిరి. భూమి యజమాని అనుమతి కావలెను. ఒక పెట్టెకు మరియొక పెట్టెకు 161 మీటర్లు ఎడముండవలెను. పరులు చూచుచుండగా పెట్టెను తీయరాదు. తీసినదానిని తీసినచోటనే, తీసినట్లే, మూత బిగించి పెట్టవలెను. నగరములలో ఈ రహస్యమే చిక్కు తెచ్చెను. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణమున, ఒకడు పూలకుండీ క్రింద ఏదో పెట్టుచుండగా చూచినవారు బాంబని భయపడి రక్షకభటులకు చెప్పిరి. సైనికులు వచ్చి పెట్టెను పేల్చివేసిరి. అందున్నది ఆటవస్తువే. పెట్టెపై అది యేమో స్పష్టముగ వ్రాయవలెనను నియమమునకు అట్టి అనుభవములు బలము చేకూర్చెను.

2001 మార్చిలో టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్‌లో ఈ ఆటగాండ్రు మొదటిసారి సభగా కూడిరి. ఇప్పుడు 500 మందికి మించిన సభలకు ఒక పేరు, 5,000 మందికి మించినవానికి ఒక పేరు. ఈ రెండవ తరహా సభ తొలుత 2014లో జర్మనీ దేశపు మ్యూనిక్‌లో జరిగెను. మాకు ఎక్కువ నచ్చినది వేరొకటి: పెట్టెలు వెదకబోవునపుడు సంచి తీసికొనిపోయి, దారిలోని చెత్తనంతయు ఏరి తెచ్చుట. దీనికొరకే ప్రత్యేకముగ కూటములు జరుగుచున్నవి.

ఆరిగన్‌లోని ఆ నల్ల బక్కెట్టు ఎక్కువకాలము నిలువలేదు. గడ్డికోయు యంత్రము క్రింద పడి నలిగిపోయినదట. అది యున్నచోట 2003లో ఒక ఫలకము నిలిపిరి. చిక్కుడుగింజల డబ్బా మాత్రము దక్కినది. తుప్పుపట్టి, సొట్టలు పడిన ఆ డబ్బాను ఇప్పటికిని సభలకు తెచ్చి చూపుదురు. పెద్దలు, పిల్లలు వరుసలో నిలుచుండి దానితో ఫోటోలు తీయించుకొందురు.